ట్రాక్టరు ట్రాలీలో మనుషులు: నిషేధమా, నియంత్రణా?

మన పల్లెల్లో తిరునాళ్ళకు బండి కట్టుకొని వెళ్ళడం ఒకప్పుడు పెద్ద సంబరం. బయలుదేరే ముందు బండిలో వరిగడ్డి మందంగా పరిచేవారు. గడ్డిమీద పాత దుప్పటి వేసేవారు. పులిహోర మూట, నీళ్ళ బిందె, చంటిపిల్లలు, ముసలివాళ్ళు అందరూ అందులోనే. ఎడ్ల మెడలో గంటలు మోగుతుంటే పిల్లలు బండి దిగి పక్కన పరుగెత్తి, అలసిపోయి మళ్ళీ ఎక్కేవారు. మీ ఇంట్లో పెద్దవారిని అడిగి చూడండి, ఇలాంటి ప్రయాణం ఒకటైనా చెబుతారు.

ఇక్కడ ఒక విషయం గమనించారా? కదులుతున్న బండి నుంచి పిల్లలు దిగగలిగేవారు, తిరిగి ఎక్కగలిగేవారు. ఎందుకంటే ఎడ్లబండి గంటకు నాలుగైదు కిలోమీటర్లకు మించి పోదు. మనిషి నడక వేగమే దాని వేగం. ఆ నెమ్మదితనమే అందరినీ కాపాడేది.

ఇప్పుడు ఎడ్లబండి స్థానంలోకి ట్రాక్టరు వచ్చింది. దాని వెనక తగిలించే ట్రాలీని కొన్నిచోట్ల తొట్టి అనీ, కొన్నిచోట్ల ట్రక్కు అనీ అంటారు. మనం మాత్రం పాత పద్ధతిలోనే అందులో గడ్డి పరుస్తున్నాం, దుప్పటి వేస్తున్నాం, పట్టినంతమంది ఎక్కుతున్నాం. బండి మారింది, వేగం ఐదారు రెట్లు పెరిగింది, దారిలో లారీలూ బస్సులూ వచ్చాయి. అలవాటు ఒక్కటే మారలేదు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇది. అందరూ వాడే రహదారిమీద ట్రాలీలో మనుషులను తీసుకుపోవడం ఆగాలి. కాని ట్రాలీని ఆపి జరిమానా రాసినంత మాత్రాన అది ఆగదు. ట్రాలీ ఎక్కే మనిషికి కూర్చొని వెళ్ళే బండి దొరకాలి. ఈ రెండో పని చేయకపోతే మొదటి పని నిలవదు. మీరు నాతో ఏకీభవించాలని లేదు. కారణాలు చదివి, మీ ఊరి సంగతులతో పోల్చి, మీరే తేల్చుకోండి.

1. జరిగిన ప్రమాదాలు

2018 ఏప్రిల్ 6న నల్గొండ జిల్లా పి.ఎ.పల్లి మండలం వద్దిపట్ల దగ్గర కూలీలతో వెళ్తున్న ట్రాక్టరు ఎ.ఎం.ఆర్.పి. కాలువలో పడింది. తొమ్మిదిమంది మహిళలు మరణించారు. మూడు నెలలు తిరగకుండానే, జూన్ 24న, యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం లక్ష్మాపురం దగ్గర మరో ట్రాక్టరు మూసీ కాలువలో బోల్తాపడింది. అందులో ఉన్నవారు వేములకొండ కూలీలు. పదిహేనుమంది చనిపోయారు. వారిలో దాదాపు అందరూ ఆడవాళ్ళే.

2020 మే 14న ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర మిరపతోటలో పని ముగించుకొని వస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని ఢీకొంది. తొమ్మిదిమంది ప్రాణాలు పోయాయి. ఆ మరుసటి నెల 17న కృష్ణా జిల్లా వేదాద్రిలో నరసింహస్వామిని దర్శించుకొని తిరిగి వెళ్తున్న ఖమ్మం జిల్లావాసుల ట్రాక్టరును లారీ ఢీకొనడంతో పన్నెండుమంది మరణించారు.

ఇది మన రాష్ట్రాలకే పరిమితమైన బాధ కాదు. 2022 అక్టోబరు 1న ఉత్తరప్రదేశ్‌లోని కాన్పూర్ దగ్గర గుడికి వెళ్ళి వస్తున్న కుటుంబాల ట్రాలీ చెరువులో బోల్తాపడి ఇరవైఐదుమందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు.

ఈ ప్రయాణాలను మరోసారి చూడండి. కొన్ని పనికి, కొన్ని దేవుడి దగ్గరకు. ఎవరూ సాహసం చేయడానికి బయలుదేరలేదు. వెళ్ళడానికి చేతిలో ఉన్న బండి అదొక్కటే.

2. ట్రాలీలో ప్రయాణం ఎందుకు ప్రమాదం?

ట్రాక్టరు మంచి యంత్రం. దుక్కి దున్నడానికీ, ధాన్యం మోయడానికీ దానికి సాటి లేదు. అయితే దాన్ని తయారుచేసింది పొలం కోసం. ట్రాలీని తయారుచేసింది సరుకు కోసం. వాటిలోకి మనుషులు ఎక్కినప్పుడు ఏ లోపాలు బయటపడతాయో చూద్దాం.

మొదటిది బ్రేకులు. ట్రాక్టరుకు కుడి వెనక చక్రానికి ఒకటి, ఎడమ వెనక చక్రానికి ఒకటి, రెండు బ్రేకు పెడళ్ళు ఉంటాయి. పొలంలో చాలు చివర చటుక్కున మళ్ళడానికి ఒకవైపు బ్రేకు మాత్రమే తొక్కుతారు. రోడ్డెక్కే ముందు రెండు పెడళ్ళను కలిపి బిగించాలి. అది మరచిపోయి వేగంలో ఒక పెడలు తొక్కితే ట్రాక్టరు ఒక పక్కకు లాగేస్తుంది. పక్కన కాలువ ఉంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

రెండోది, చాలా ట్రాలీలకు సొంత బ్రేకులు ఉండవు. ముందు ట్రాక్టరు ఆగినా వెనక ట్రాలీ బరువు దాన్ని ముందుకు నెడుతుంది. వాలులో, మలుపులో ఈ తోపుడు మరీ ప్రమాదం.

మూడోది, ట్రాలీలో సీటు లేదు, పట్టుకోవడానికి కమ్మీ లేదు. కొందరు అంచులమీద కూర్చుంటారు. కొందరు డ్రైవరు పక్కన మడ్‌గార్డుమీద కూర్చుంటారు. ఇంకా కొందరు ట్రాక్టరునూ ట్రాలీనీ కలిపే ఇనుప కమ్మీమీద కాలు పెట్టి నిలబడతారు. గుంటలో చక్రం పడి ఒక్క కుదుపు వస్తే వాళ్ళు పడేది చక్రాల కిందే.

నాలుగోది, వెనక దీపాలు. చాలా ట్రాలీలకు ఎర్రదీపం ఉండదు, మెరిసే స్టిక్కరు కూడా ఉండదు. చీకట్లో వెనక నుంచి వచ్చే లారీ డ్రైవరుకు అది దగ్గరకు వచ్చేదాకా కనిపించదు.

ఈ లోపాలు సరదా ప్రయాణాన్ని కూడా వదలవు. అమెరికాలో పంట కోతల కాలంలో గడ్డి పరిచిన బండిలో జనాన్ని ఎక్కించుకొని, టిక్కెట్టు పెట్టి, పొలాలు తిప్పి చూపించడం ఒక వేడుక. 2014 అక్టోబరులో మెయిన్ రాష్ట్రంలో అలాంటి గడ్డిబండిని లాగుతున్న జీపు వాలులో అదుపు తప్పింది. పదిహేడేళ్ళ అమ్మాయి ఒకరు చనిపోయారు, ఇరవైమందికి పైగా గాయపడ్డారు. బండి పాతదైనా కొత్తదైనా, దేశం పేదదైనా గొప్పదైనా, వాలుమీద బరువు చేసే పని ఒక్కటే.

3. ఒక చిన్న లెక్క

మీరు గణితం కూడా చదువుతున్నారు కదా, ఇక్కడ దాన్ని ఉపయోగించి చూద్దాం.

ట్రాక్టరు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకోండి. అంటే సెకనుకు 8 మీటర్లకు పైగా. డ్రైవరు సెల్‌ఫోను చూడడానికి రెండు సెకన్లు తల దించితే ఈలోగా ట్రాక్టరు 16 మీటర్లు దాటిపోతుంది. కాలువగట్టుమీద దారి మూడు నాలుగు మీటర్ల వెడల్పే ఉందనుకుంటే, ఆ 16 మీటర్లలో ఎంత పక్కకు జరిగితే నీళ్ళలో పడతామో ఊహించండి.

మరో లెక్క. పొలం దారినుంచి వచ్చిన ట్రాక్టరు నాలుగు వరసల రహదారిని దాటాలి. ట్రాలీతో కలిపి దాని పొడవు తొమ్మిది మీటర్లు, రోడ్డు వెడల్పు సుమారు ఇరవై మీటర్లు అనుకుందాం. ట్రాలీ చివరిభాగం కూడా రోడ్డు దాటాలంటే మొత్తం 29 మీటర్లు కదలాలి. ఆగిన చోటునుంచి బయలుదేరి సగటున గంటకు 10 కిలోమీటర్ల వేగంతో వెళ్తే దానికి పది సెకన్లు పడుతుంది. ఆ పది సెకన్లలో గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు 220 మీటర్లు వస్తుంది. అంటే 220 మీటర్ల అవతల ఏముందో కనబడకపోతే దాటకూడదు. తెల్లవారుజామున, మంచులో, మలుపు దగ్గర అంతదూరం కనబడుతుందా?

4. చట్టం ఏమంటుంది?

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రాక్టరు అంటే తనమీద బరువు మోయడానికి నిర్మించని వాహనం. దాన్ని నడిపే డ్రైవరు తనతోపాటు దానిమీద ఎవరినీ ఎక్కించుకోరాదని 1989 నాటి రహదారి నియమాల్లోనే స్పష్టంగా ఉంది. అంటే మడ్‌గార్డుమీద ప్రయాణం తప్పని ముప్ఫై ఏళ్ళకు పైగా చెబుతూనే ఉన్నారు.

చాలామందికి తెలియని సంగతి మరొకటి ఉంది. అది బీమా. పొలంపని కోసమని బీమా చేసిన ట్రాక్టరులో ఎక్కినవారు చనిపోతే పరిహారం ఎవరు చెల్లించాలి? 2004లో సుప్రీంకోర్టు ముందుకు ఆంధ్రప్రదేశ్ కేసు ఒకటి వచ్చింది. ఒక కూరగాయల వ్యాపారి తన సరుకుతో ట్రాక్టరు ట్రాలీలో వెళ్తూ ప్రమాదంలో మరణించాడు. అది వ్యవసాయపు పని కాదనీ, బీమా కంపెనీకి బాధ్యత లేదనీ కోర్టు తీర్పు చెప్పింది. 2007లో మరో కేసులో, ట్రాలీలో వెళ్తూ తీవ్రంగా గాయపడిన ఒక కూలీ విషయంలోనూ కంపెనీకి బాధ్యత లేదనే చెప్పింది. అయితే అతని పేదరికం చూసి, ముందు కంపెనీ డబ్బు చెల్లించి తరువాత యజమాని దగ్గర వసూలు చేసుకోవాలని ఆదేశించింది.

దీని అర్థం ఏమిటి? ట్రాలీలో ఎక్కేవారికి సీటే కాదు, బీమా కూడా లేకపోవచ్చు. పరిహారం భారం ట్రాక్టరు ఉన్న రైతుమీద పడితే అతనూ మునిగిపోతాడు. ఈ ప్రయాణంలో కూలీకీ రైతుకూ ఇద్దరికీ నష్టమే.

5. తెలిసి కూడా ఎందుకు ఎక్కుతున్నారు?

మిరపకాయలు కోసే కాలంలో, పత్తి తీసే కాలంలో, నాట్ల కాలంలో ఒక ఊరి కూలీలు మరో ఊరికి వెళ్ళవలసి వస్తుంది. ఎండ ఎక్కకముందే పనిలోకి దిగాలి. ఆ వేళకు ఆ పొలందాకా బస్సు రాదు. ఆటో మాట్లాడుకుంటే కూలిలో కొంత దానికే పోతుంది. మేస్త్రి ట్రాక్టరు తెస్తాడు, ఇరవైమందో ముప్ఫైమందో ఎక్కుతారు. "నేను ఎక్కను" అన్న మనిషికి ఆ రోజు పని లేదు. అక్కడ ఆమె ముందున్నవి రెండే దారులు. ఒకటి ట్రాలీ, రెండోది పస్తు.

రైతు మాట కూడా వినాలి. "పంట చేతికొచ్చినప్పుడు కూలీలు దొరకరు. ట్రాక్టరు పంపకపోతే ఎవరూ రారు. సీట్లున్న బండి అద్దెకు తెచ్చే స్తోమత నాకు లేదు" అంటాడు. అందులో నిజం ఉంది. చిన్నరైతు మీద భారమంతా మోపితే అతను నియమాన్ని దొంగచాటుగా తప్పిస్తాడు.

మూడో మాట కూడా వినబడుతుంది. "మా తాతల కాలంనుంచి బండ్లలోనే తిరునాళ్ళకు పోతున్నాం, మాకేం కాలేదు." దీనికి జవాబు ముందే చెప్పుకున్నాం. తాతల బండి నడకతో పోయేది.

తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. ఇది మంచి సదుపాయం. కాని ఉదయం ఆరుగంటలకు ఊరికి రాని బస్సు ఎంత ఉచితమైనా కూలీకి ఉపయోగపడదు.

6. కోల్‌కతా చెబుతున్న రెండు పాఠాలు

మనుషులను మోసే పాతకాలపు బండ్లను నియంత్రించడం మన దేశానికి కొత్త కాదు. దీనికి కోల్‌కతా నగరం మంచి ఉదాహరణ. అక్కడ జరిగిన రెండు విషయాలు మనకు పనికొస్తాయి.

అప్పట్లో ఆ నగరం పేరు కలకత్తా. అక్కడ జనం అద్దె గుర్రపు బండ్లలో తిరిగేవారు. ఆ బండ్ల కోసం 1919లో ప్రత్యేకంగా ఒక చట్టం చేశారు. బండికి లైసెన్సు ఉండాలి, తోలేవాడికీ లైసెన్సు ఉండాలి. అంటే డబ్బు తీసుకొని మనుషులను ఎక్కించుకుంటే, ఆ బండి ఎలా ఉందో చూసే హక్కు ప్రభుత్వానికి ఉందని వందేళ్ళ క్రితమే ఒప్పుకున్నారు. నగరంలో షికారుకు వెళ్ళే గుర్రపు బండికి వందేళ్ళ క్రితమే దొరికిన ఈ శ్రద్ధ, పల్లెలో మిరపకాయలు కోయడానికి వెళ్ళే మహిళల ట్రాలీకి ఎందుకు దొరకకూడదు? ఇది మొదటి పాఠం.

రెండో పాఠం మనిషి లాగే రిక్షాలది. 2006లో పశ్చిమబెంగాల్ శాసనసభ ఆ 1919 చట్టాన్నే సవరించి, మనిషిని మనిషి లాగే రిక్షాలను తీసివేయడానికి బిల్లు ఆమోదించింది. ఉద్దేశం మంచిదే. కాని విషయం కోర్టుకెక్కింది. రిక్షా లాగేవారికి మరో బతుకుతెరువు చూపడం పూర్తి కాలేదు. ఆ తరువాత కూడా ఏళ్ళ తరబడి కోల్‌కతా వీధుల్లో రిక్షాలు నడుస్తూనే ఉన్నాయి. ప్రత్యామ్నాయం చూపని నిషేధం కాగితంమీద మిగిలిపోతుందని దీనివల్ల తెలుస్తుంది.

ట్రాలీల విషయంలో మనం ఈ రెండు పాఠాలూ కలిపి నేర్చుకోవాలి. నియమం ఉండాలి, దానితోపాటే మరో దారీ ఉండాలి.

7. ఏం చేయాలి?

నా అభిప్రాయంలో చేయవలసిన పనులు ఇవి.

(అ) జాతీయ, రాష్ట్ర రహదారులమీద, బస్సులు తిరిగే రోడ్లమీద ట్రాలీలో మనుషుల ప్రయాణాన్ని పూర్తిగా ఆపాలి. పెళ్ళికైనా తిరునాళ్ళకైనా మినహాయింపు ఉండకూడదు. ఆర్టీసీ అద్దెకు ఇచ్చే బస్సులను పెద్ద తిరునాళ్ళ సమయంలో పల్లెలకు తక్కువ ధరకు అందించాలి.

(ఆ) పంటకోతల కాలంలో కూలీలు ఎక్కువగా కదిలే ఊళ్ళను గుర్తించి, తెల్లవారుజామున ఒకటి, సాయంత్రం ఒకటి బస్సు నడపాలి. ఏ నెలలో ఏ ఊరినుంచి ఏ ఊరికి కూలీలు వెళ్తారో పంచాయతీకి తెలుసు. ఆ వివరాలు డిపోకు చేరితే చాలు.

(ఇ) కూలీలను తీసుకువెళ్ళే ఖర్చును కూలిలో కలపకుండా వేరుగా లెక్కకట్టాలి. చిన్నరైతులు నలుగురైదుగురు కలిసి ఒక బండి మాట్లాడుకుంటే ఒక్కొక్కరిమీద భారం తగ్గుతుంది.

(ఈ) ఊరికీ పొలానికీ మధ్య బండిదారుల్లో ట్రాలీని వెంటనే ఆపలేం. అక్కడ కనీస నియమాలైనా పాటించాలి. లైసెన్సు ఉన్న పెద్దవాడే నడపాలి. తాగి నడపకూడదు, ఫోను ముట్టకూడదు. బ్రేకు పెడళ్ళు రెండూ కలిపి బిగించాలి. ట్రాలీ కొక్కేనికి అదనంగా గొలుసు వేయాలి. అందరూ ట్రాలీ లోపల కిందనే కూర్చోవాలి, వెనక తలుపు మూసి ఉండాలి. ఎడ్లబండి వేగానికి కాస్త ఎక్కువగా, అంతే. చీకటిపడితే ప్రయాణం లేదు.

(ఉ) పెద్ద రోడ్డు దాటవలసి వస్తే ట్రాలీలోని వారంతా దిగాలి. ఇరువైపులా చూసుకొని నడిచి రోడ్డు దాటాలి. ఖాళీ ట్రాలీ తరువాత దాటాలి. దీనికి పైసా ఖర్చు లేదు. పట్టేది ఐదు నిమిషాలు.

(ఊ) కాలువగట్ల దారుల్లో మలుపుల దగ్గర రక్షణ గోడలు కట్టాలి. ఇది రైతు చేయగలిగిన పని కాదు, ప్రభుత్వమే చేయాలి.

8. మీ వంతు

ఈ పుస్తకం చదువుతున్న మీలో కొందరు ఈ ఉదయమే ట్రాలీ ఎక్కి పనికి వెళ్ళి వచ్చి ఉండవచ్చు. కొందరికి సొంత ట్రాక్టరు ఉండవచ్చు. కొందరు దాన్ని నడిపేవారే కావచ్చు. చట్టాలు చేసేవారికంటే ఈ సంగతి మీకే బాగా తెలుసు.

మీరు చేయగలిగింది తక్కువేమీ కాదు. మడ్‌గార్డుమీద కూర్చున్న పిల్లవాడిని దింపవచ్చు. రోడ్డు దాటే ముందు "అందరూ దిగండమ్మా" అని మొదట మీరు దిగవచ్చు. ఒకరు దిగితే పక్కవారు దిగుతారు. గ్రామసభలో లేచి బస్సు వేళ గురించి అడగవచ్చు. పదిమంది సంతకాలతో డిపో మేనేజరుకు అర్జీ రాయవచ్చు. చదువు నేర్చుకుంటున్నది ఇలాంటి అర్జీ మరొకరిచేత రాయించుకోకుండా మనమే రాసుకోవడానికి కూడా కదా.

ప్రమాదం జరిగాక నాయకులు వస్తారు, పరిహారం ప్రకటిస్తారు. పొద్దున సద్దిమూట కట్టుకొని వెళ్ళిన తల్లి సాయంత్రం ఇంటికి రావడానికి మాత్రం ఆ డబ్బు సాయపడదు. ఆ సాయం ట్రాలీ కదలకముందే చేయాలి.

ఆలోచించండి, రాయండి

1. ఎడ్లబండి ప్రయాణానికీ ట్రాక్టరు ట్రాలీ ప్రయాణానికీ రచయిత చూపిన తేడాలు ఏవి? మీరు గమనించిన తేడా మరొకటి రాయండి.

2. "ప్రత్యామ్నాయం చూపని నిషేధం కాగితంమీద మిగిలిపోతుంది." ఈ మాటను మీ ఊరి అనుభవంతో సమర్థించండి లేదా ఖండించండి.

3. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే ట్రాక్టరు మూడు సెకన్లలో ఎన్ని మీటర్లు వెళ్తుంది?

4. రైతు చెప్పిన అభ్యంతరం మీకు సబబుగా తోచిందా? ఎందుకు?

5. మీ ఊరికి ఉదయం ఆరుగంటలకు బస్సు కావాలని కోరుతూ డిపో మేనేజరుకు పది వాక్యాల్లో అర్జీ రాయండి.